ఎరిస్‌బెగ్: 300 మీటర్ల గుట్ట, మూడు గంటల నడక

మీ ప్రశ్నలోని వివరాలను ముందుగా ఒకసారి చెప్పుకుంటే సమాధానం తేలికవుతుంది. మీరు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. మే నెల రెండో వారాంతంలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఐర్లండ్ పశ్చిమ తీరంలోని కానమారా వైపు వెళ్లి, రౌండ్‌స్టోన్ ఊరి వెనుక ఉన్న ఎరిస్‌బెగ్ గుట్ట ఎక్కాలనుకుంటున్నారు. మ్యాపులో దాని ఎత్తు 300 మీటర్లే అని చూసి, తిరుమల మెట్లు ఎక్కినవాళ్లకు ఇదొక లెక్కా అనుకున్నారు. కానీ వెళ్లి వచ్చిన ఒకరు దారి లేదని, అంతా బురద అని చెప్పడంతో సందేహం కలిగింది. స్పోర్ట్స్ షూ వేసుకుని వెళ్లవచ్చా, ఎంతసేపు పడుతుంది, జూన్‌లో ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను కూడా తరువాత తీసుకువెళ్లవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

పదకొండేళ్లుగా అక్కడికి దగ్గరి నగరమైన గాల్వేలో ఉంటూ ఆ గుట్టను అన్ని రుతువులలోనూ ఎక్కినవాడిగా చెబుతున్నాను. తప్పకుండా వెళ్లండి. స్పోర్ట్స్ షూతో మాత్రం వెళ్లకండి. మూడు గంటలు పడుతుందని అనుకుని, నాలుగు గంటల సమయం చేతిలో ఉంచుకోండి. అమ్మానాన్నల కోసం అదే ప్రాంతంలో వేరే చోటు ఉంది, దాని గురించి చివర రాస్తాను.

తిరుమలతో పోల్చడంలో ఉన్న చిక్కును ముందు వివరించాలి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఉన్నాయి. ఆ నడక ఊపిరిని, మోకాళ్లను పరీక్షిస్తుంది గానీ, తరువాతి అడుగు ఎక్కడ వేయాలన్న ప్రశ్న మన ముందుకు ఒక్కసారి కూడా రాదు. మెట్టు మీద మెట్టు సిద్ధంగా ఉంటుంది, తలపైన కప్పు ఉంటుంది, పక్కన తోడు జనం ఉంటారు. ఎరిస్‌బెగ్‌లో ఎక్కవలసిన ఎత్తు చాలా తక్కువ. కానీ ఊరి చివర తారు రోడ్డు ఆగిపోయిన తరువాత దాదాపు ప్రతి అడుగునూ మీరే ఎంచుకోవాలి. ఈ రాయి కదులుతుందా, ఈ గడ్డి దుబ్బు బరువు ఆపుతుందా, ఈ పచ్చటి మెత్తదనం కింద నేల ఉందా నీరు ఉందా అని కళ్లు నిరంతరం వెతుకుతూ ఉండాలి. ఐర్లండ్‌లో కొండ నడకల గురించి మాట్లాడేవారు ఒక గుట్టను ‘రఫ్’ అంటే దాని అర్థం ఇదే. నిటారుగా ఉందని కాదు, ప్రమాదకరమని కూడా కాదు. కాలి కింద సాఫీగా ఏదీ ఉండదని.

అందువల్ల ఎత్తును చూసి కాలాన్ని లెక్కకట్టే పద్ధతి ఇక్కడ సరిపోదు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రాన్ని నేటికీ అందరూ వాడుతున్నారు. దాని ప్రకారం చదునుగా ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 300 మీటర్లకు అదనంగా అరగంట. ఊరి నుంచి శిఖరం గీత గీసినట్టు కొలిస్తే రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలోనే ఉంది. వంకరలతో కలిపి రానూపోనూ ఐదారు కిలోమీటర్లు వేసుకుంటే, నైస్మిత్ లెక్క గంటా నలభై ఐదు నిమిషాల దగ్గర ఆగుతుంది. నేను ఇంతవరకు ఎవరితో వెళ్లినా, ఎంత తొందరపడినా, రెండున్నర గంటలలోపు తిరిగి రాలేదు. మొదటిసారి వచ్చినవారితో మూడు గంటలు దాటుతుంది. ఆ అదనపు గంట అంతా బాగ్ అనే చిత్తడి నేలకూ బండలకూ చెల్లించవలసినది.

ఇంత చిన్న గుట్ట కోసం డబ్లిన్ నుంచి దేశాన్ని అడ్డంగా దాటి రావడం ఎందుకని అనిపించవచ్చు. నా అభిప్రాయంలో ఐర్లండ్‌లో దృశ్యం ఎత్తును బట్టి కాక, కొండ నిలబడిన చోటును బట్టి ఉంటుంది. ఎరిస్‌బెగ్‌కు ఉత్తరాన కొన్ని కిలోమీటర్ల దూరంలో ట్వెల్వ్ బెన్స్ పర్వతాలు ఉన్నాయి. వాటిలో అన్నింటికంటే ఎత్తయిన బెన్‌బాన్ 729 మీటర్లు. అక్కడికి చేరడానికి రోజంతా కష్టపడినా, పైన నిలబడితే చుట్టూ ప్రధానంగా కనిపించేవి దాని సోదర శిఖరాలే. ఎరిస్‌బెగ్ అలా కాదు. ఒకవైపు సముద్రం, మరొకవైపు చదునుగా పరుచుకున్న బాగ్, మధ్యలో ఇది ఒక్కటే లేచి నిలబడింది. అందుకే 300 మీటర్ల ఎత్తు నుంచే నాలుగు దిక్కులూ అడ్డం లేకుండా తెరుచుకుంటాయి. పేరు కూడా ఆ స్థితినే చెబుతుంది. ఐరిష్ భాషలో దీన్ని ‘ఇరస్ బెగ్’ అంటారు, ‘ఇరస్’ అంటే సముద్రంలోకి చొచ్చుకువచ్చిన భూమి, ‘బెగ్’ అంటే చిన్నది. ఊరి పేరులో మాత్రం ఒక తమాషా జరిగింది. ఐరిష్‌లో ‘క్లోఖ్ నా రోన్’ అంటే సీల్ జంతువుల రాయి. అందులోని ‘రోన్’ ఇంగ్లీషువారి చెవికి ‘రౌండ్’గా వినిపించి, సీళ్ల రాయి కాస్తా గుండ్రాయి అయింది.

ఇక దారి సంగతి. రౌండ్‌స్టోన్ రేవు ఊరు. అలెగ్జాండర్ నిమ్మో అనే స్కాట్లండ్ ఇంజినీరు 1820లలో ఆ రేవును కట్టించి, దాని చుట్టూ ఊరికి రూపం ఇచ్చాడు. రేవు ఎదురుగా ప్రధాన వీధిలో ఓడౌడ్స్ అనే పాత పబ్ ఉంటుంది. దాని పక్కనుంచి గుట్ట వైపు పైకి వెళ్లే ఇరుకైన రోడ్డు మీ దారి. కారును ఊళ్లోనే నిలిపి అక్కడి నుంచి నడవండి. ఆ రోడ్డులో ఎదురెదురుగా రెండు కార్లు వస్తే తప్పుకోవడం కష్టం, పైగా చివర పొలాల గేట్ల ముందు కారు నిలిపితే ట్రాక్టరు తోలే రైతుకు ఇబ్బంది. రోడ్డుకు ఇరువైపులా రాతి గోడలు, ఇళ్లు, ఫ్యూషియా పొదలు ఉంటాయి. ఇళ్లు అయిపోయి, తారు అయిపోయి, గేటు దాటిన తరువాత కొంతదూరం బాట లాంటిది కనిపిస్తుంది. అది క్రమంగా రెండుగా చీలి, నాలుగుగా చీలి, గొర్రెల దారులుగా మారిపోయి, చివరికి గడ్డిలో కలిసిపోతుంది. గొర్రెల దారిని నమ్ముకుని వెళ్లడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. గొర్రె శిఖరానికి వెళ్లదు, మేత ఉన్న చోటికి వెళుతుంది. దారి మీరు అనుకున్న దిక్కుకు పోతున్నంతసేపే దాన్ని వాడుకోండి.

ఇక్కడి నుంచి గుర్తులు, బోర్డులు, రంగు పూసిన స్తంభాలు ఉండవు. పశ్చిమంగా, ఎదురుగా కనిపించే బండల వెన్ను వైపు వెళ్లాలి. కింది సగం బాగ్, పై సగం రాయి. నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: బాగ్‌లో గీత గీసినట్టు తిన్నగా పోవాలని ప్రయత్నించకండి, రాయి కనిపించిన చోటు నుంచి రాయి కనిపించిన చోటికి వెళ్లండి. వంకర తిరిగినా అదే త్వరగా చేరుస్తుంది.

బాగ్ అంటే మన తెలుగులో బురద అనో ఊబి అనో చెబుతాం గానీ, ఆ రెండు మాటలూ దానికి సరిపోవు. వేల ఏళ్లుగా చచ్చిన మొక్కలు నీటిలో పూర్తిగా కుళ్లక, పొర మీద పొరగా పేరుకుని ఏర్పడిన నల్లటి పీట్ నేల అది. కొన్నిచోట్ల దాని లోతు మనిషి ఎత్తును మించిపోతుంది. దాన్ని చదవడం మొక్కల రంగు చూసి నేర్చుకోవాలి. హెదర్ పొదలు గుబురుగా పెరిగిన చోట నేల ఎక్కువగా గట్టిగానే ఉంటుంది. బ్రాకెన్ అనే ఫెర్న్ జాతి మొక్కలు ఉన్న చోట నేల ఇంకా పొడిగా ఉంటుంది. దూది పింజలు తగిలించినట్టు తెల్లటి కుచ్చులతో ఊగే బాగ్ కాటన్ గడ్డి కనిపిస్తే అక్కడ తడి ఎక్కువని అర్థం. లేత పచ్చగా, మెత్తగా, పరుపు వేసినట్టు మెరిసే స్ఫాగ్నం నాచు కనిపిస్తే అటు కాలు పెట్టవద్దు, అది నీటిని పీల్చుకున్న స్పాంజి లాంటిది. మోకాలి ఎత్తు దుబ్బులుగా పెరిగే ఊదారంగు మోలీనియా గడ్డి మరో పరీక్ష. దుబ్బు నెత్తిన అడుగు వేస్తే చీలమండ మెలిక పడుతుంది, దుబ్బుల మధ్య వేస్తే నీళ్లలో పడుతుంది. అక్కడ తొందరపడకుండా, కర్రతో ముందు పొడిచి చూసి, దుబ్బు మొదట్లో అడుగు వేయడమే మేలు.

అందంగా పచ్చగా కనిపించేదే నమ్మదగనిదని చెప్పడానికి, మీరు శిఖరం నుంచి చూడబోయే ప్రదేశంలోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 1919 జూన్ 15న జాన్ ఆల్కాక్, ఆర్థర్ బ్రౌన్ అనే ఇద్దరు వైమానికులు ఉత్తర అమెరికాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి బయలుదేరి, సుమారు 16 గంటలపాటు ఎగిరి, అట్లాంటిక్‌ను విమానంలో ఎక్కడా ఆగకుండా దాటిన తొలి మనుషులుగా కానమారాలోని క్లిఫ్డెన్ ఊరి దగ్గర దిగారు. అక్కడ 1907లో మొదలైన మార్కోనీ వైర్‌లెస్ స్టేషన్ ఆ రోజుల్లో పనిచేస్తూ ఉండేది. దాని పక్కన చదునైన పచ్చిక మైదానంలా కనిపించిన చోటును ఎంచుకుని విమానాన్ని దించారు. అది డెరిగిమ్లా బాగ్. చక్రాలు దిగబడిపోయి విమానం ముక్కు నేలకు గుచ్చుకుంది. అదృష్టవశాత్తు ఇద్దరికీ పెద్ద దెబ్బలేమీ తగలలేదు. ఎరిస్‌బెగ్ పైనుంచి వాయవ్య దిక్కుకు చూస్తే ఆ ప్రాంతం కనిపిస్తుంది. ఆకాశం నుంచే కాదు, పది అడుగుల దూరం నుంచి చూసినా బాగ్ అలాగే మోసం చేస్తుందని కింద నడిచి వచ్చిన కాళ్లకు అప్పటికి తెలిసి ఉంటుంది.

పై సగానికి చేరిన తరువాత నడక స్వభావం మారుతుంది. అక్కడ బయటపడే నల్లటి, బూడిదరంగు రాయి గాబ్రో. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వి ప్రపంచమంతటికీ పంపే బ్లాక్ గెలాక్సీ రాయి మీకు తెలిసే ఉంటుంది. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది కూడా గాబ్రో కుటుంబానిదే. మన ఇళ్లలో వంటగది గట్టు మీద నున్నగా మెరిసే రాయికి బంధువు ఇక్కడ పాలిష్ లేకుండా, గరుకుగా, చేతికి గీసుకునేలా ఉంటుంది. నడిచేవారికి ఆ గరుకుదనం వరం. వాన పడినప్పుడు కూడా బూటు అడుగు దానిని పట్టుకుంటుంది. ట్వెల్వ్ బెన్స్‌లోని తెల్లటి క్వార్ట్‌జైట్ తడిస్తే జారినంతగా ఇది జారదు. అయితే రాతి మీద పట్టిన నాచు, నల్లటి తడి పాచి జారుతాయి, కాబట్టి పొడిగా, బోడిగా ఉన్న రాతి మీదే కాలు వేయండి. కొన్నిచోట్ల చేయి ఆనించి ఎక్కవలసి వస్తుంది. తాడు అవసరమయ్యే చోటు ఏదీ లేదు, భయం కలిగించే అంచుల మీద నడవవలసిన అవసరమూ లేదు. ఎదురుగా నిటారైన బండ కనిపిస్తే పక్కకు తిరిగితే ఎప్పుడూ తేలికైన మార్గం దొరుకుతుంది.

శిఖరం ఒక్క మొన కాదు. వరుసగా నాలుగైదు బండల బొడిపెలు ఉంటాయి, ఒక్కొక్కటి ఎక్కగానే దాని వెనుక మరొకటి కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది. సర్వే కోసం కట్టిన సిమెంటు స్తంభం ఉన్నదే అసలు శిఖరం. చివరి బొడిపె మధ్యలో ఆగిపోయి ఇదే పైభాగం అనుకుని తిరిగి వచ్చినవారిని నేను ఎరుగుదును. వారు దక్షిణ దృశ్యాన్ని చూశారు గానీ, ఉత్తరాన ఉన్నది చూడలేదు. నా దృష్టిలో ఎరిస్‌బెగ్ ప్రాణం ఉత్తరంలోనే ఉంది.

దక్షిణానికి చూస్తే గుర్టీన్, డాగ్స్ బే అనే రెండు తీరాలు వీపూ వీపూ ఆనించి కూర్చున్నట్టు కనిపిస్తాయి. ఒకప్పుడు విడిగా ఉన్న ద్వీపానికి, భూమికి మధ్య అలలు ఇసుకను పోసి పోసి కలిపేశాయి. ఆ సన్నటి ఇసుక మెడకు ఇటు ఒక తీరం, అటు ఒక తీరం. ఆ ఇసుక అంత తెల్లగా ఉండడానికి కారణం అది మామూలు రాతి పొడి కాకపోవడం. ఫొరామినిఫెరా అనే అతి సూక్ష్మ సముద్ర జీవుల గవ్వలు, ఇతర గవ్వల ముక్కలు అందులో అధికం. ఎండ పడినప్పుడు నీరు లేత ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి పొరలు పొరలుగా మారుతుంది. ఆగ్నేయంగా చూపు సాగిస్తే సముద్రం మీద ఆరన్ దీవులు సన్నటి గీతల్లా ఉంటాయి. పశ్చిమాన స్లైన్ హెడ్ దీపస్తంభాల వైపు భూమి ముక్కలు ముక్కలుగా విరిగి అట్లాంటిక్‌లో కరిగిపోతుంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి ఉత్తరానికి చూడండి. అక్కడ రౌండ్‌స్టోన్ బాగ్ ఉంది. చెట్టు లేదు, పొలం లేదు, ఇల్లు లేదు. గోధుమరంగు నేల మీద వందల కొద్దీ చిన్న చిన్న చెరువులు, అద్దం పగిలి చెల్లాచెదురైనట్టు పరుచుకుని ఉంటాయి. మబ్బు నీడ వాటిమీదుగా జరుగుతున్నప్పుడు ఒక వరస వెలిగి మరో వరస ఆరిపోతుంది. ఆ మైదానం అవతల ట్వెల్వ్ బెన్స్ గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. కింద రోడ్డు మీద కారులో వెళ్లేవారికి ఈ చెరువులు ఒకటి రెండుగా మాత్రమే కనిపిస్తాయి, వాటి అమరిక మొత్తం ఈ గుట్ట మీదకు వచ్చినవారికే తెలుస్తుంది. ఇన్నేళ్లలో నేను ఎన్నిసార్లు వెళ్లినా ఆ స్తంభం దగ్గర అరగంటకు తక్కువ కూర్చోలేదు. మీరు కూడా ఆ అరగంటను ముందే లెక్కలో వేసుకోండి, చలికోటు తీసి వేసుకుని, తెచ్చుకున్న పులిహోర తిని, ఫ్లాస్కులోని టీ తాగండి.

ఈ దృశ్యం కోసమే వెళుతున్నప్పుడు మబ్బు దిగిన రోజున వెళ్లడంలో అర్థం లేదు, అంతకంటే ముఖ్యంగా అది క్షేమం కాదు. నేను రెండోసారి వెళ్లింది అక్టోబరులో. ఊళ్లో ఎండగా ఉంది. సగం ఎక్కేసరికి నైరుతి నుంచి పొగమంచు వచ్చి కమ్మేసింది. అప్పటికే ఒకసారి ఎక్కిన గుట్ట కదా అన్న ధైర్యంతో ముందుకు సాగాను. బొడిపెల మధ్య ఏది శిఖరమో తెలియలేదు. దిగేటప్పుడు తూర్పుకు వస్తున్నానని నమ్ముతూ ఉత్తరానికి దిగాను. నేల చదును కావడం, ఎదురుగా చెరువు, దాని పక్కకు తిరిగితే మరో చెరువు రావడంతో పొరపాటు తెలిసింది. జేబులో దిక్సూచి ఉంది, తీసి చూడలేదు. తిరిగి వెన్ను మీదకు ఎక్కి, దిక్సూచి చూపిన తూర్పును వదలకుండా నడిచి రోడ్డు చేరేసరికి చీకటి పడింది. ఏ ప్రమాదమూ జరగలేదు గానీ, ఆ రెండు గంటల భయం నాకు బాగా గుర్తుంది. అందుకే నా నియమం ఇప్పుడు ఇది: ఊళ్లోంచి చూసినప్పుడు శిఖరం మబ్బులో ఉంటే బయలుదేరను; సగంలో ఉండగా మబ్బు దిగితే ఆ క్షణాన ఉన్నచోట ఆగి దిక్సూచి తీసి, తూర్పుకు వెనుదిరుగుతాను. పైకి వెళితే తొలగిపోతుందేమో అని ఎదురుచూడను.

వాతావరణానికి ఐర్లండ్ వాతావరణ శాఖ అయిన మెట్ ఏరన్ సూచననే చూడండి. ఐర్లండ్ తూర్పు తీరంలో ఏడాదికి సుమారు 150 తడి రోజులు ఉంటే, పశ్చిమాన కొన్నిచోట్ల 225 దాకా ఉంటాయి. డబ్లిన్‌లో అలవాటైన అంచనా కానమారాలో పనిచేయదు. వాన వస్తుందా లేదా అన్నదాని కంటే గాలి ఎంత, మబ్బు ఎంత ఎత్తులో ఉంది అన్నవే చూసుకోండి. మే నెల మీరు ఎంచుకున్న మంచి సమయం. వసంతకాలం మిగతా కాలాలకంటే కొంత పొడిగా ఉంటుంది, బ్రాకెన్ ఇంకా ఎత్తు పెరగదు, మిడ్జ్ అనే సన్నటి కుట్టే పురుగులు ముమ్మరం కావు, రాత్రి తొమ్మిది దాటేవరకు వెలుతురు ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడని కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే ఒకసారి వెళ్లినవారు మళ్లీ వెళ్లకుండా ఉండరు.

మొక్కల మీద ఆసక్తి ఉంటే మే నెలకు మరో కారణం ఉంది. ఈ గుట్ట వృక్షశాస్త్రంలో పేరున్నది. స్పెయిన్, పోర్చుగల్ వైపు పెరిగే హీత్ జాతి మొక్కలు కొన్ని, పక్కనున్న బ్రిటన్‌లో సహజంగా పెరగకపోయినా, ఇక్కడ కనిపిస్తాయి. వసంతంలో పూసే ఐరిష్ హీత్ ఎరిస్‌బెగ్ వాలులలో ఉంది. మే నెలలో దాని చివరి గులాబీ పూలు దొరకవచ్చు. సెయింట్ డెబియోక్ హీత్ ఆ తరువాత మొదలై అక్టోబరు దాకా గంటల్లాంటి ఊదా పూలు పూస్తుంది. రౌండ్‌స్టోన్ పరిసరాలలో 1835లో విలియం మెకాలా అనే స్థానికుడు కనుగొన్న మెకై హీత్ అయితే ఐర్లండ్‌లోనూ, స్పెయిన్ ఉత్తర భాగంలోనూ తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. ఇదంతా రక్షిత ప్రాంతం. ఫోటో తీసుకోండి, కొమ్మ విరవకండి.

చెప్పుల విషయానికి వస్తాను. స్పోర్ట్స్ షూ వద్దని చెప్పడానికి తడి ఒక్కటే కారణం కాదు. బూటు వేసుకున్నా కాళ్లు తడుస్తాయి. దుబ్బుల మధ్య చీలమండ పక్కకు మడత పడకుండా పట్టుకునే పొడవైన పట్టు, పీట్ మీద జారకుండా లోతైన గాట్లున్న అడుగు బూటుకు ఉంటాయి, షూకు ఉండవు. పైన గెయిటర్లు అనే పిక్కల తొడుగులు వేసుకుంటే బురద లోపలికి రాదు. జీన్స్ వేసుకోకండి, తడిస్తే బరువెక్కి గంటల తరబడి ఆరదు, గాలికి చలి ఎక్కువవుతుంది. ఉన్ని లేదా సింథటిక్ బట్టలు, వాన ఆపే కోటు, ఒక అదనపు స్వెట్టరు, ఒక జత పొడి మేజోళ్లు సరిపోతాయి. నడక కర్ర ఒకటైనా తెచ్చుకోండి. మ్యాపు ఐర్లండ్ సర్వే శాఖవారి డిస్కవరీ వరసలో 44వ షీటు, ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు చొప్పున ఉంటుంది. ఫోనులో ఆఫ్‌లైన్ మ్యాపు కూడా పెట్టుకోండి, కానీ చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి కాగితం మ్యాపుకు, దిక్సూచికి అది ప్రత్యామ్నాయం కాదు.

పిడుదుల గురించి చాలామంది చెప్పరు, కానీ చెప్పాలి. గొర్రెలు, జింకలు తిరిగే గడ్డిలో ఉండే ఈ చిన్న పురుగులు కాలికి పట్టుకుని రక్తం తాగుతాయి. కొన్నింటి వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ప్యాంటును మేజోళ్లలోకి దోపుకోండి. గదికి చేరగానే మోకాలి వెనుక, గజ్జలలో, నడుము దగ్గర, చంకలలో చూసుకోండి. కనిపిస్తే చర్మానికి ఆనించి సన్నటి పట్టకారుతో తిన్నగా పైకి లాగాలి. నూనె రాయడం, నిప్పు చూపించడం చేయకూడదు. తరువాతి నెల రోజులలో అక్కడ ఎర్రటి మచ్చ పెరుగుతూ పోతే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించాలి.

గుట్ట మీద నడవడం మనకు హక్కుగా లభించినది కాదని కూడా తెలిసి ఉండాలి. ఐర్లండ్‌లో ఇతరుల భూమి మీద స్వేచ్ఛగా తిరిగే సాధారణ హక్కు చట్టంలో లేదు. కొండల మీద అధికభాగం రైతుల సొంత భూములో, ఉమ్మడి మేత భూములో అయి ఉంటాయి. వారు అడ్డుచెప్పకపోవడం వల్లనే మనం నడుస్తున్నాం. 1995 నాటి చట్టం ఇలా విహారానికి వచ్చినవారి విషయంలో యజమాని బాధ్యతను తగ్గించింది, అంటే అక్కడ మన క్షేమం ప్రధానంగా మన బాధ్యత. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మూసి వెళ్లండి. రాతి గోడలు ఎక్కకండి, అవి సున్నం, సిమెంటు లేకుండా పేర్చినవి, ఒక రాయి జారితే వరస కూలుతుంది. స్నేహితులలో ఎవరికైనా కుక్క ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచమనండి, మే నెలలో గొర్రెల వెంట పసి పిల్లలు ఉంటాయి. దారిలో రైతు ఎదురైతే ఆగి పలకరించి, ఎక్కడికి వెళుతున్నారో చెప్పండి. ఏ వైపు తడి ఎక్కువగా ఉందో ఆయనే మీకు చెబుతారు, ఆ సలహా ఏ మ్యాపులోనూ దొరకదు.

బయలుదేరేముందు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో బస చేసిన చోట ఎవరికైనా చెప్పండి. ఎవరికైనా కాలు విరిగినా, దారి తప్పినా 112 లేదా 999కి ఫోను చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగాలి. వచ్చేవారు జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకులు. అవసరమైనప్పుడు మొహమాటపడి ఆలస్యం చేయవద్దు, చీకటి పడక ముందే పిలిస్తే వారికీ మేలు.

దిగడం గురించి ఒక మాట. పైనుంచి గుర్టీన్ తీరం అంత దగ్గరగా కనిపిస్తుంటే నేరుగా దక్షిణానికి దిగి పోదామనిపిస్తుంది. మధ్యలో గోర్స్ ముళ్లపొదలు, కంచెలు, పొలాలు ఉన్నాయి. మొదటిసారి ఎక్కిన దారినే దిగండి. తీరానికి తరువాత కారులో పోవచ్చు, ఊరి నుంచి మూడు కిలోమీటర్ల దూరమే.

అమ్మానాన్నల విషయంలో నా సలహా స్పష్టం. వారిని ఎరిస్‌బెగ్‌కు తీసుకువెళ్లకండి. వారి ఓపిక మీద అనుమానంతో అనడం లేదు, తిరుమల కొండ నడిచి ఎక్కే అరవై ఏళ్లవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. కానీ అరవై ఏళ్ల మోకాలికి మెట్టు వేరు, దుబ్బు వేరు. లెటర్‌ఫ్రాక్ దగ్గర కానమారా నేషనల్ పార్కులో డైమండ్ హిల్ ఉంది. ఎరిస్‌బెగ్ కంటే ఎత్తయినదే, 440 మీటర్ల పైచిలుకు, అయినా బాగ్ మీద చెక్క బాటలు, పైన రాతి మెట్లు వేసి దారి తీర్చిదిద్దారు. వారు కింది చుట్టు వరకు నడిచి, ఓపిక ఉంటేనే పైకి వెళ్లవచ్చు. ప్రవేశ రుసుము లేదు, విజిటర్ సెంటర్‌లో టీ దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో వారిని గుర్టీన్ తీరానికి తీసుకురండి. కారు దిగి నాలుగు అడుగులు వేస్తే ఇసుక. అక్కడ కూర్చుని ఉత్తరానికి చూస్తే బండల వెన్నుతో ఎరిస్‌బెగ్ మొత్తం ఎదురుగా ఉంటుంది, మీరు ఎక్కిన బొడిపెలను వేలితో ఒక్కొక్కటిగా చూపించవచ్చు.